ఫోను తీగా, కేబుల్ తీగా?

మొన్న ఒక సాయంకాలం మా వీథి పిన్నిగారు కబురు చేస్తే వెళ్ళాము. ఆమెకు డెబ్బై యెనిమిదో యేడు. కొడుకు అమెరికాలో, కూతురు విశాఖపట్నంలో. ఆమె మాత్రం బరంపురం వదలనని భీష్మించుకుని, పెద్ద బజారుకు చేరువలో, వీథి వాకిలి నుండి వెనక సందుదాకా రైలుపెట్టెలా సాగివున్న ఆ పాత యింట్లో ఒక్కరే వుంటున్నారు. మేము గుమ్మంలో అడుగు పెట్టగానే, "నాయనా, పైకి చూడండి" అన్నారు. చూరు కింద రెండు తీగలు వున్నాయి. సన్నది టెలిఫోనుది, కాస్త లావుగా నల్లగా వున్నది కేబుల్ టీవీది.

"రేపు కుర్రాడొచ్చి యీ రెండూ పీకేసి మూడోది వేస్తానంటున్నాడు. మా అబ్బాయి వేయించుకోమంటాడు. అమ్మాయి వద్దంటుంది. మీరు పత్రికలకు రాసేవారు గదా, యేం చెయ్యమంటారు?"

పత్రికలకు రాసినంత మాత్రాన తీగల సంగతి తెలుస్తుందా అని నవ్వేశాము గాని, వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఇంటికి వచ్చి ఆలోచిస్తే, యిది పిన్నిగారొక్కరి చిక్కు కాదనిపించింది. మన సంఘ సభ్యుల యిళ్ళలో ముక్కాలుమువ్వీసం యిదే వరస: పిల్లలు దూరదేశాల్లో, పెద్దలు బరంపురంలో, ఛత్రపురంలో, గోపాలపురంలో. వాళ్ళనూ వీళ్ళనూ కలిపి వుంచేది గుమ్మం మీది ఆ తీగే. కనుక మేము అనుభవించినదీ, తెలిసినవారిని అడిగి తెలుసుకున్నదీ యిక్కడ వ్రాస్తున్నాము.

మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న; విదేశ్ సంచార్ నిగమ్ వారు మొదట కొన్ని మహానగరాలలో యిచ్చారు. మన వూరికి వచ్చిన తర్వాత కూడా చాలాకాలం అది టెలిఫోను డయలు చేసి పట్టుకోవలసిన వస్తువే. మోడెమ్ కీచుమని అరిచేది, గరగరలాడేది, ఆఖరుకు పట్టుబడేది. అది పనిచేస్తున్నంతసేపూ ఫోను 'యెంగేజి'. అమెరికా నుండి కొడుకు పిలుస్తుంటే, యిక్కడ మనవడు ఆ కొడుకు పంపిన ఉత్తరాన్నే కంప్యూటరులో తెరవడానికి తంటాలు పడుతూ వుండేవాడు. ఇలాటి తమాషాలు మా యింట్లోనూ జరిగాయి.

2005 జనవరి 14న భారత్ సంచార్ నిగమ్ వారు 'డేటావన్' అనే పేరుతో డి.ఎస్.ఎల్. ప్రారంభించారు. ఆ రోజుల్లో సెకనుకు 256 కిలోబిట్లు వస్తే ప్రభుత్వం వారి లెక్కలో అది బ్రాడ్‌బ్యాండు. ఇప్పటి పిల్లలు వింటే నవ్వుతారు. మాకు మాత్రం బండి దిగి రైలెక్కినట్టుండేది. కొన్ని పథకాలలో రాత్రి రెండు గంటల నుండి ఉదయం యెనిమిది దాకా యెంత వాడుకున్నా లెక్కలేదు. అందుకని అలారం పెట్టుకుని రెండింటికి లేచి, పాత సినిమా పాటలు దింపుకుని, మళ్ళీ పడుకున్న పెద్దమనుషులు యీ వూళ్ళో వున్నారు. పేర్లు చెప్పము; అందులో మేమూ ఒకరము.

ఈ డి.ఎస్.ఎల్. కిటుకు చిన్నది. టెలిఫోను తీగ అంటే మెలివేసిన రెండు రాగితీగల జంట. మన మాట ప్రయాణించడానికి సెకనుకు నాలుగువేల కంపనాల లోపు చోటు చాలు. ఆ పైన వున్న చోటంతా ఖాళీ. కింది వాటాలో మాటను అలాగే వుంచి, పైవాటాలు ఇంటర్నెట్‌కు అద్దెకివ్వడమే యీ పద్ధతి. తర్వాత వచ్చిన మెరుగైన రకం సుమారు 22 లక్షల కంపనాల వరకూ వాడుకుంటుంది. రెండు వాటాలవాళ్ళూ ఒకరితో ఒకరు పేచీ పడకుండా ఫోను దగ్గర స్ప్లిటరనే చిన్న డబ్బీ పెడతారు. అది పెట్టకపోతే రిసీవరులో బుసబుసమని చప్పుడు వినిపిస్తుంది.

దీనిలో మెచ్చుకోవలసినది యేమంటే, మీ జంట తీగ మీదే. ఎక్స్ఛేంజి వరకూ అందులో యింకెవరూ పాలు పంచుకోరు. తిట్టుకోవలసినది దూరం. దూరమంటే మనం సైకిలు మీద పోయే దూరం కాదు. తీగ భూమిలో మలుపులన్నీ తిరిగి వచ్చే పొడుగు. ఎక్స్ఛేంజికి కిలోమీటరు లోపల వున్నవారికి సెకనుకు 20 మెగాబిట్లకు పైగా అందించగల పద్ధతే, అయిదు కిలోమీటర్ల దగ్గరకు వచ్చేసరికి ఒకటి రెండుకు దిగిపోతుంది. అందుచేతనే వూరి నడిబొడ్డున వున్న మా మావగారు డి.ఎస్.ఎల్. అంతటిది లేదనేవారు, ఊరి చివర కొత్త కాలనీలో యిల్లు కట్టుకున్న మా స్నేహితుడు అంతటి దరిద్రం లేదనేవాడు. యిద్దరూ ఒకే డబ్బు కట్టేవారు, యిద్దరూ నిజమే చెప్పేవారు.

ఇప్పటికీ రాగి తీగమీద వున్నవారికి ఒక మాట. మోడెమ్ లోపలి పేజీ తెరిస్తే 'లైన్ అటెన్యుయేషన్' అని ఒక అంకె కనపడుతుంది. అది తీగలో యెంత బలం హరించుకుపోయిందో చెప్పే లెక్క. 40 లోపు వుంటే మంచిది. 60 దాటితే యెవరితో యెంత దెబ్బలాడినా లాభం లేదు. ఆ దూరానికి అంతే వస్తుంది. మరొకటి కూడా గుర్తుంచుకోండి. 8 మెగాబిట్లంటే సెకనుకు ఒక్క మెగాబైటే. బిట్లను బైట్లనుకుని, మూడువంతులు పైగా యెవరో తినేశారని కోప్పడినవారిని మేము యెరుగుదుము.

ఇక కేబుల్ సంగతి. 1936 ఏప్రిల్ 1న గంజాం మదరాసు రాజధాని నుండి విడిపోయి ఒరిస్సాలో చేరింది. అప్పటినుంచీ తెలుగు యిక్కడ యింటి భాషగా, బజారు భాషగా నిలబడింది గాని, బడిలోనూ కచేరీలోనూ దానికి చోటు తగ్గుతూ వచ్చింది. 1995లో ఈటీవీ, జెమినీ వంటి తెలుగు చానెళ్ళు మొదలైనప్పుడు, కేబుల్ అతను ఆ నల్లటి తీగను మన యిళ్ళకు తెచ్చి బిగిస్తే, మనవారి ఆనందానికి మేర లేదు. ఒరియా బడికి పోయే పిల్లలు తెలుగు వార్తలు విని, మనం యింట్లో మాట్లాడే భాష వార్తలు చదవడానికి కూడా పనికివస్తుందా అని ఆశ్చర్యపోయారు. పిన్నిగారి యింట్లో కేబుల్ తీగకున్న గౌరవం అలాటిది. టెలిఫోను తీగ పిల్లల గొంతు తెచ్చింది. కేబుల్ తీగ తెలుగు తెచ్చింది.

ఆ తీగమీదనే ఇంటర్నెట్ కూడా ఇస్తామంటే యెవరు కాదంటారు? కో-ఏక్సియల్ అనే యీ తీగ మధ్య ఒక రాగికడ్డీ, దానిచుట్టూ తెల్లని నురుగులాటి పదార్థం, ఆపైన జల్లెడవంటి లోహపు తొడుగు వుంటాయి. టెలిఫోను జంటకన్నా యెన్నో రెట్లు మోయగలదు. వందల చానెళ్ళు మోసే తీగలో ఒకటి రెండు చానెళ్ళ చోటు ఇంటర్నెట్‌కు కేటాయిస్తారు. ఒక చానెలు చోటులో సుమారు 40, 50 మెగాబిట్లు పడతాయి. కాని ఆ కొమ్మ మీద వున్న యిళ్ళన్నీ దానినే పంచుకోవాలి. బరంపురం వారికి యింతకన్న చెప్పనక్కరలేదు. వేసవిలో వీథి కుళాయి సంగతి మనకు తెలియనిదా? తెల్లవారుజామున బిందె పెడితే ధారగా నిండుతుంది. అందరూ లేచాక చూస్తే సన్నని దారం.

మేము ఒక చిన్న కేబుల్ అతని దగ్గర రెండేళ్ళు కనెక్షను పుచ్చుకున్నాము. పగలు రెండింటికి చూస్తే ఆహా అనిపించేది. రాత్రి యెనిమిది నుండి పది దాకా, అనగా అమెరికాలో మనవాళ్ళు లేచి కాఫీ తాగుతూ మాట్లాడదామనుకునే వేళకు, తెరమీద మా తమ్ముడి మొహం నోరు తెరుచుకుని అలాగే నిలిచిపోయేది. మా మరదలు, "అక్కడ వాళ్ళాయనకు యేదో అయిందేమో" అని బెంబేలు పడింది కూడాను. కేబుల్ పుచ్చుకోదలచిన వారు మధ్యాహ్నం వేగం చూసి మురిసిపోవద్దు. పక్కింటివాళ్ళ దగ్గర రాత్రి తొమ్మిదింటికి కూర్చుని చూడండి. డి.ఎస్.ఎల్.లో మాత్రం పంపకం లేదా అంటే, వున్నది. ఎక్స్ఛేంజి దాటాక అందరూ ఒకే దారిన పోవలసిందే. కాని గుమ్మం దగ్గరనుంచే పంపకం మొదలయ్యేది కేబుల్‌లో.

అమెరికాలో కేబుల్ ఇంటర్నెట్ అంతగా పాకిపోవడానికి కారణం, అక్కడ యెంతోకాలంగా యింటింటికీ టీవీ తీగ వుండడం. మన దేశంలో కూడా వున్నది గదా అనవచ్చు. వున్నది గాని, ఆ తీగలు మేడ మీదనుంచి మేడ మీదకు విసిరినవి, బొమ్మను యింటికి తేవడమే గాని యింటినుంచి మాటను వెనక్కి తీసుకుపోవడం వాటికి రాదు. రెండువైపులా నడవాలంటే దారిలోని ఆంప్లిఫయర్లన్నీ మార్చాలి. ఒడిశా నగరాలలో ఆ పనికి పూనుకున్న వారిలో భువనేశ్వరం కేంద్రంగా గల ఓర్టెల్ సంస్థ ఒకటి. 2015లో దాని వాటాలు బజారుకు కూడా వచ్చాయి. చాలా చోట్ల యెవరూ పూనుకోలేదు. అందువల్ల మొదటి పదేళ్ళలో మన దేశంలో బ్రాడ్‌బ్యాండంటే చాలావరకు టెలిఫోను తీగే.

ఇంతవరకూ వేగం గొడవ. అయితే పిన్నిగారి ప్రశ్న వేగం గురించి కాదని మాకు రాత్రి పడుకున్నాక తట్టింది. ఆమె మనసులో వున్నది ఫైలిన్.

2013 అక్టోబరు 12, దుర్గాష్టమి. గాలివాన వస్తుందని ముందే తెలుసు. తీరం వెంట లక్షలాది జనాన్ని ప్రభుత్వం వారు ముందుగానే తరలించారు. పగలే కరెంటు పోయింది. రాత్రి గోపాలపురం దగ్గర తుపాను గట్టెక్కింది. గంటకు రెండు వందల కిలోమీటర్లకు పైబడిన గాలి. తలుపులకు అడ్డగడియలు వేసి, వాటికి మంచాలు ఆనించి, ఆ మంచాల మీద మేము కూర్చున్నాము. ఆ చప్పుడు విన్నవారికి వర్ణించనక్కరలేదు, విననివారికి చెప్పినా తెలియదు.

మర్నాడు వీథిలోకి వస్తే వేపచెట్లు, కరెంటు స్తంభాలు ఒకదానిమీద ఒకటి పడి వున్నాయి. కేబుల్ తీగలు కూలిన కొమ్మలకు తీగపాదుల్లా చుట్టుకుని వేలాడుతున్నాయి. సెల్‌ఫోన్లు మొదట పలికినవి కూడా, టవర్ల బ్యాటరీలు అయిపోయేసరికి మూగపోయాయి. మన చేతిలోవి సరేసరి, ఛార్జి చేసేదెక్కడ? బంధువులు లోకమంతా వున్నారు, మనం బ్రతికి వున్నామని చెప్పే దారి లేదు. రెండో రోజు మధ్యాహ్నం పిన్నిగారు అలవాటు చొప్పున రిసీవరు యెత్తి చూస్తే, 'గుయ్' మని చప్పుడు వచ్చింది!

ఆ వార్త వీథి వీథంతా పాకింది. సాయంత్రానికి ఆమె అరుగుమీద ముప్పై మంది. ఒకరు సూరతులో మిల్లు పనికి పోయిన కొడుక్కి, ఒకరు హైదరాబాదులో కూతురికి. పిన్నిగారు పక్కన పీట వేసుకుని కూర్చుని, "రెండు నిమిషాలే, రెండు నిమిషాలే" అంటూ అందరిచేతా మాట్లాడించారు. డబ్బు యెవరి దగ్గరా పుచ్చుకోలేదు. ఆమె కొడుకు అమెరికానుంచి ప్రయత్నించి ప్రయత్నించి, ఫోను దొరకక మూడోనాడు గాని తల్లితో మాట్లాడలేకపోయాడు. లైను పాడైందనుకున్నాడట పాపం. లైను బాగానే వున్నది, వీథే దాన్ని వాడుకుంటున్నది.

ఇందులో మాయ యేమీ లేదు. రాగి టెలిఫోనుకు కావలసిన కరెంటు మన యింటిది కాదు. ఎక్స్ఛేంజిలోని బ్యాటరీలనుండి 48 వోల్టులు ఆ తీగ వెంటే వస్తాయి. మా వీథిలో ఆ తీగ భూమిలో వున్నది గనుక చెట్లు దానిమీద పడలేదు. ఇంటర్నెట్ మాత్రం ఆ రోజుల్లో లేదు. మోడెమ్‌కు మన యింటి కరెంటు కావాలి గనుక. మాట ఒక్కటే వచ్చింది. అది చాలు. కేబుల్‌లో అలా కాదు. స్తంభాలమీది ఆంప్లిఫయర్లకు దారి పొడుగునా కరెంటు అందాలి. మన యింట్లో ఇన్వర్టరు వుండి, టీవీ వెలుగుతున్నా, వీథి మొగన పెట్టె చల్లబడితే లోపలికి వచ్చేది శూన్యం.

రాగి తీగను అతిగా పొగిడామని అనుకోకండి. పదిహేను రోజుల తర్వాత అదే ఫోను గరగరలాడడం మొదలుపెట్టింది. లైన్‌మాన్ ఒరియా అబ్బాయి వచ్చి, వీథి మొగన పిల్లర్ పెట్టె తెరిచి, "మావుసీ, పాణి పొశిగొలా" అన్నాడు. జాయింటులోకి నీళ్ళు దిగాయి, పైపెచ్చు చీమలు కాపురం పెట్టాయి. బాగుచేసిన నెలలోపునే రోడ్డు తవ్వేవారి గడ్డపార తగిలి మళ్ళీ తెగింది. గోపాలపురంలో వుండే మా వదినగారి యింట్లో అయితే తుపానూ అక్కరలేదు, గడ్డపారా అక్కరలేదు. ఉప్పుగాలికే ఫోను జాయింట్లూ కేబుల్ మరలూ సమానంగా చిలుము పట్టేవి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర గట్టెక్కినప్పుడు మా వీథిలో ఆ ఫోను రెండు రోజులు పలకలేదు. కాబట్టి అది యెప్పుడూ పలుకుతుందని మేము పూచీ పడము.

2020లో అంతా తలుపులు వేసుకుని యింట్లో కూర్చున్నప్పుడు డి.ఎస్.ఎల్. లోటు మరొకటి బయటపడింది. పిన్నిగారి కూతురూ మనవరాళ్ళిద్దరూ బరంపురంలోనే చిక్కుబడిపోయారు. పిల్లలకు పాఠాలు తెరమీదే. దింపుకునే దారి వెడల్పుగా, పంపే దారి సన్నగా వుండడం యీ పద్ధతి స్వభావం; యిటు 8 వస్తే అటు ఒకటైనా పోదు. ఒక పిల్ల మొహం కనపడితే రెండో పిల్ల మొహం కనపడేది కాదు. అక్కాచెల్లెళ్ళు వంతులు వేసుకున్నారు. చెల్లెలి వంతున లెక్కల పాఠం పడిందని అది సంతోషంగా అక్కకు వదిలేసేది.

ఇప్పుడు రాగి తీగలు ఒక్కొక్కటిగా పోతున్నాయి. 2019 సెప్టెంబరు 5న జియో వారు యింటింటి ఫైబరు వ్యాపారం ఆరంభించిన తర్వాత ఆ వేగం యింకా హెచ్చింది. టెలిఫోను వారూ గాజుదారమే వేస్తున్నారు, కేబుల్ వారూ గాజుదారమే వేస్తున్నారు. వెంట్రుకపాటి గాజులో వెలుతురు పోతుంది. ఇరవై కిలోమీటర్లు పోయినా రాగిలా నీరసపడదు. ఒక దారాన్ని 32, 64 యిళ్ళకు చీల్చుతారు గనుక పంపకం యిక్కడా వున్నది, కాని పంచేది యెంతో యెక్కువ. చీల్చే పెట్టెకు కరెంటు అక్కరలేదు, అది కేబుల్ మీద పెద్ద మెరుగు. అయితే గాజు వెలుతురును మోస్తుంది గాని 48 వోల్టులను మోయలేదు. ఫోను యింట్లోని పెట్టెకు తగిలించాలి. ఆ పెట్టెకు మన కరెంటు కావాలి. కరెంటు పోతే ఇంటర్నెట్‌తో పాటు ఫోనూ పోతుంది. అమ్మాయి వద్దన్నది యిందుకే. అబ్బాయి వేయించమన్నది తల్లి మొహం తేటగా చూడాలని. ఇద్దరిదీ తప్పు లేదు.

మర్నాడు మేమూ వెళ్ళి కూర్చున్నాము. కుర్రాడు 'వంద మెగాబిట్లు' అని మొదలుపెట్టాడు. పిన్నిగారు ఆపి, "అది సరే గాని, నెంబరు మారుతుందా? కరెంటు పోతే యెంతసేపు పలుకుతుంది? యీ దారం స్తంభం మీదనా, నేలలోనా?" అని అడిగారు. రాత్రి మేము నేర్పి పెట్టినవే గాని, ఆమె అడిగిన తీరుకు కుర్రాడు చేతిలో కాగితం కింద పెట్టాడు. నెంబరు మారదన్నాడు. దారం స్తంభం మీదనే అని వొప్పుకున్నాడు. పెట్టెకు పన్నెండు వోల్టుల చిన్న బ్యాటరీ బజారులో దొరుకుతుంది, కొన్ని గంటలు నిలుస్తుంది అన్నాడు. "అయితే పోయి తీసుకురా, డబ్బిస్తాను" అన్నారామె.

బ్యాటరీ వచ్చింది, దారం వచ్చింది, పాత ఫోను కొత్త పెట్టెకు తగిలించారు. అప్పుడు పిన్నిగారు లేచి వెళ్ళి మెయిన్ స్విచ్ దించేశారు. ఫాను ఆగింది. పెట్టె మీది పచ్చదీపాలు వెలుగుతూనే వున్నాయి. కుర్రాడు వెళ్ళబోతే, "కూర్చో బాబూ, యెంతసేపు వుంటుందో చూద్దాం" అని మజ్జిగ యిచ్చి గంటసేపు చెమటలో కూర్చోబెట్టారు. రాగి తీగను పీకనివ్వలేదు. అది పలకదని తెలిసినా చుట్టచుట్టి చూరుకు కట్టించారు. కేబుల్ తీగ తన సీరియల్ అయిపోయేదాకా వుండి తీరాలన్నారు. ఆ సీరియల్ యెప్పటికి అయిపోతుందో అందులో ఆడేవారికైనా తెలుసునో లేదో!

"మీరు యింటికి పోయి ఒకసారి నాకు ఫోను చెయ్యండి నాయనా, దీపం వెయ్యకుండానే వుంటాను" అన్నారు. వచ్చి చేశాము. నాలుగు గంటలు మోగాక యెత్తారు.

"వినపడుతూంది. ఇంక పెట్టెయ్యండి, మా అబ్బాయి చేసే వేళయింది."